నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పాత గుళ్ళు, కోటలు, శాసనాలు చూడబోయేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రాంతంలో చూడటానికి అసలు ఏమున్నాయి? హంపి, లేపాక్షి లాంటివి లేవు కదా?

ఒకేచోట కుప్పబోసినట్టు లేవు, అంతే. ఉన్నవి ఊరూరా చెదిరి ఉన్నాయి. కొండమీద ఉదయగిరి దుర్గం, కోనలో భైరవకోన గుహాలయాలు, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం, నల్లమల అంచున సత్యవోలు, పిటికాయగుళ్ళ చాళుక్య ఆలయాలు, 500 ఏళ్ళుగా నీళ్ళు పారిస్తున్న కంభం చెరువు, త్రిపురాంతకం కొండ, కాకతీయుల రేవు మోటుపల్లి ఇక్కడివే. వీటికి తోడు పేరు లేనివి వందల్లో ఉంటాయి. దేవళం మెట్టుగా మారిన శాసనం రాయి, వేపచెట్టు కింద పసుపు కుంకుమలతో పూజలందుకునే వీరగల్లు (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), చెరువు తూము మీద చెక్కిన వరాహం అలాంటివే.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఇక్కడి రాళ్ళు మ్యూజియంలో వస్తువులు కావు, ఊరివాళ్ళ వాడుకలో ఉన్నవి. గుడిలో దీపం వెలుగుతూనే ఉంది, చెరువు కింద వరి పండుతూనే ఉంది. ఒకరి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళినట్టు వెళ్తే తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఈ పేజీలో చెప్పే జాగ్రత్తలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఒకే ఊరు ఒక పుస్తకంలో నెల్లూరు జిల్లా, ఇంకోదాంట్లో ప్రకాశం, బోర్డు మీద గుంటూరు అని ఉంటోంది. ఏది నమ్మాలి?

మూడూ నిజమే, కాలమే వేరు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా పుట్టింది. టంగుటూరి ప్రకాశం పంతులు పేరు 1972లో పెట్టారు. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వైపు ఊళ్ళు నెల్లూరు నుంచి, మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపువి కర్నూలు నుంచి, ఒంగోలు, అద్దంకి వైపువి గుంటూరు నుంచి వచ్చి అందులో కలిశాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ మారినప్పుడు మోటుపల్లి, అద్దంకి, వేటపాలెం బాపట్ల జిల్లాకు వెళ్ళాయి. నెల్లూరు దక్షిణాన ఉన్న మల్లాం, దుగరాజపట్నం తిరుపతి జిల్లాకు పోయాయి.

ఇది ఉత్త కాగితాల సంగతి కాదు. శాసనం వెతికేవాళ్ళకు దీనితో నేరుగా పని పడుతుంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా, తాలూకాల వారీగా అచ్చువేశారు. కనిగిరి, పొదిలి, దర్శి, ఒంగోలు శాసనాలు అందులో దొరుకుతాయి. కంభం, గిద్దలూరు శాసనాలు అందులో దొరకవు, అప్పుడవి కర్నూలు జిల్లాలోవి. కాబట్టి జిల్లా పేరు పక్కన పెట్టి ఊరి పేరు, పాత తాలూకా, ఇప్పటి మండలం, ఈ మూడూ రాసుకుని బయల్దేరండి. మ్యాపులో ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళు కనిపిస్తాయి. మండలం తెలియకపోతే 60 కిలోమీటర్లు తప్పు దారి పట్టడం ఖాయం.

ఏ నెలల్లో వెళ్ళాలి?

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. తెలంగాణ వాళ్ళు, కోస్తా ఉత్తరాది వాళ్ళు తరచూ పొరపడేది ఇక్కడే. దసరా దాటితే వానలు పోయినట్టే అనుకుని అక్టోబరు, నవంబరుల్లో వస్తారు. నెల్లూరు తీరానికి అసలు వానలు అప్పుడే, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండం పడితే వాగులు పొంగి, చప్టాల మీద రాకపోకలు ఆగిపోతాయి. పడమటి ప్రకాశంలో వాన తక్కువే, కానీ గట్టి వాన ఒక్కటి పడితే నల్లరేగడి దారిలో బైకు చక్రం తిరగదు.

మార్చి దాటాక ఉదయగిరి లాంటి కొండలు ఎక్కే ఆలోచన మానుకోండి. మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బండరాయి వేడికి గుడి ప్రాంగణంలో చెప్పులు లేకుండా పది అడుగులు కూడా వేయలేరు. ఎండాకాలమే తప్పకపోతే ఉదయం 6 నుంచి 9 లోపు చూడటం ముగించాలి.

కంభం చెరువులో నీళ్ళు, భైరవకోన జలపాతం చూడాలనుకుంటే మాత్రం లెక్క వేరు. వానలు బాగా పడిన ఏడు నవంబరు, డిసెంబరుల్లోనే వాటి అందం.

ఉదయగిరి కోట ఎక్కడం ఎంత కష్టం? ఎంతసేపు పడుతుంది?

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. ముందురోజు రాత్రికే ఊరు చేరి పడుకోవడం మంచిది. కొండ ఎత్తు 3,079 అడుగులు. కాలిబాటన పైకి రెండున్నర నుంచి మూడు గంటలు, తిరిగి చూడటానికి రెండు గంటలు, దిగడానికి రెండు గంటలు అని లెక్క వేసుకోండి. తెల్లారకముందే నడక మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కిందికి వచ్చేయాలి.

తప్పు జరిగేది మూడుచోట్ల. మొదటిది నీళ్ళు. పైన కోనేళ్ళు ఉన్నా ఆ నీళ్ళు తాగదగినవి కావు, మనిషికి 3 లీటర్లు మోసుకెళ్ళాల్సిందే. రెండోది దారి. ముళ్ళపొదలు పెరిగి పాత మెట్లదారి మధ్యమధ్యలో మాయమవుతుంది, గొర్రెల బాట అసలు బాటలా కనిపిస్తుంది. మేకలు కాసే ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకోండి, కూలి ముందే మాట్లాడుకోండి. మూడోది దిగేటప్పుడు కాలు జారడం. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించని గులకరాళ్ళ మీదే దిగేటప్పుడు మడమ మెలిక పడుతుంది. నున్నటి అడుగు ఉన్న చెప్పులు, బూట్లు వద్దు.

పైన ఏం చూస్తున్నామో తెలిసి ఎక్కితే అలసట తెలియదు. ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదికి పైగా కాచుకుని, 1514లో పట్టుకున్నాడు. అంతకాలం ఎందుకు పట్టిందో నిలువుగా లేచిన చరియల అంచున నిలబడితే అర్థమవుతుంది. పైకి దారులు తక్కువ, ఉన్నవి ఇరుకు, ప్రతి మలుపులో గోడ. కోట నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. తర్వాత గోల్కొండ పాలన వచ్చింది. ఆ కాలపు మసీదు, దాని పారశీక శాసనం కొండమీద ఉన్నాయి. గుడి గోపురం, మసీదు గుమ్మటం, బురుజు మూడూ ఒకే చూపులో పడే చోట్లు మన వైపు అరుదు.

మోకాళ్ళు సహకరించనివాళ్ళు కింద ఊళ్ళోని రంగనాయకుల గుడి శిథిలాలు చూసి, కొండను కిందినుంచే చూడొచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. రంగనాయకుల గుడి స్తంభాలకే ఒక పూట చాలదు.

భైరవకోన గుహలు ఎలా చూడాలి? జలపాతం చూసి వచ్చేయడమేనా?

చాలామంది చేసేది అదే. ఒకే కొండ చరియలో తొలిచిన ఎనిమిది శివాలయాలు అవి. కట్టినవి కావు, రాతిని తొలిచి తీసినవి. ఏడింటి ముఖం తూర్పుకు, ఒకదాని ముఖం ఉత్తరానికి ఉంటుంది. కాబట్టి ఉదయం 7 నుంచి 9 మధ్య ఎండ గుహల్లోకి నేరుగా పడుతుంది, ద్వారపాలకుల ముఖాలు అప్పుడే తెరిపిగా కనబడతాయి. పదకొండు దాటితే లోపలంతా నీడ.

వరుసలో నడుస్తూ స్తంభాల అడుగుభాగం చూడండి. కొన్ని మొండి స్తంభాలు, కొన్నిటికి కింద కూర్చున్న సింహాలు. మహాబలిపురం చూసినవాళ్ళకు ఆ సింహాలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి, పల్లవ శిల్పుల పనితీరు అది. ఒక గుహకూ ఇంకో గుహకూ పనితనం ఎలా మారిందో పోల్చుకుంటే, శిల్పులు రాయిమీదే నేర్చుకుంటూ పోయిన తీరు తెలుస్తుంది.

ఊరు చంద్రశేఖరపురం మండలంలో ఉంది. ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా గానీ, ఒంగోలు వైపు నుంచి పామూరు మీదుగా గానీ రావచ్చు. బస్సులు తక్కువ, సాయంత్రం తిరుగు బండి ఏర్పాటు లేకుండా రావద్దు. కార్తీక పౌర్ణమికి త్రిభువనేశ్వరీదేవిపై వెన్నెల పడటం చూడటానికి జనం విరగబడతారు. భక్తితో వచ్చేవాళ్ళకు అది గొప్ప రోజు. శిల్పం చూడాలని వచ్చేవాళ్ళు ఇంకో రోజు పెట్టుకోండి. జలపాతం దగ్గర పాచి పట్టిన బండల మీద పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు.

సొంత బండి లేదు. రైలులో వెళ్ళి చూడగలిగేవి ఉన్నాయా?

ఉన్నాయి, అదీ బాగా. గుంటూరు–గుంతకల్లు లైను ప్రకాశం పడమటి భాగాన్ని అడ్డంగా కోస్తూ పోతుంది. వినుకొండ దాటాక కురిచేడు, దొనకొండ, మార్కాపూర్ రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు వరుసగా వస్తాయి. దొనకొండలో దిగితే చందవరం. మార్కాపూర్ రోడ్‌లో దిగి ఊళ్ళోకి వెళ్తే విజయనగర కాలపు మండపాలున్న చెన్నకేశవస్వామి గుడి. కంభంలో చెరువు. కంభం, గిద్దలూరుల మధ్య ప్రాంతంలో సత్యవోలు, పిటికాయగుళ్ళ.

మార్కాపురంలో రెండు రాత్రులు బస పెట్టుకుంటే ఇవన్నీ తీరుబడిగా చూడొచ్చు. రైలు దిగాక ఆటోను ‘పోనూ రానూ, రెండు గంటలు ఆగాలి’ అని ముందే బేరమాడాలి. దింపేసి పొమ్మంటే ఆ ఊళ్ళలో తిరుగు ఆటో దొరకదు.

సత్యవోలులో రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి. తుంగభద్ర ఒడ్డున అలంపురం చూసినవాళ్ళు శిఖరం చూడగానే గుర్తుపడతారు. పిటికాయగుళ్ళలో పిటికేశ్వర ఆలయ సమూహం ఉంది. రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అలంపురం వెళ్ళేవాళ్ళలో నూటికి ఒక్కరైనా ఇటు రావాలి.

కంభం చెరువులో చూడటానికేముంది? చెరువేగా?

చెరువే, కానీ గుండ్లకమ్మ నదికి రెండు కొండల సందున కట్ట వేసి నిలిపిన చెరువు. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. రాయల భార్య, గజపతి కూతురు వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడి చరిత్ర. యంత్రం, సిమెంటు లేని రోజుల్లో వేసిన ఆ కట్ట ఈనాటికీ పని చేస్తోంది. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది.

కట్టమీద నిలబడి మూడు చూడండి. ఒకటి, కట్ట ఎక్కడ వేశారన్నది. పొడవు తక్కువ, వెనక నీళ్ళు పట్టే చోటు ఎక్కువ, ఆ ఎంపికలోనే సగం తెలివి ఉంది. రెండు, నీళ్ళవైపు పేర్చిన రాతి తాపడం. అల మట్టిని కోసుకుపోకుండా ఆపేది అదే. మూడు, నీళ్ళు వదిలే తూములు, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు. పాత చెరువు తెగిందంటే చాలాసార్లు అలుగు చాలక నీళ్ళు కట్టమీదుగా దూకడమో, తూము పక్కన మట్టి కారిపోవడమో కారణం. ఇక్కడ ఆ రెండూ ఎలా కాచుకున్నారో చూసి, మీ ఊరి చెరువుతో పోల్చుకోండి. వానలు లేని ఏడు చెరువు ఎండిపోతుంది. అప్పుడు నీటి అందం ఉండదు గానీ రాతిపని మొత్తం బయటపడుతుంది.

చందవరం బౌద్ధ స్తూపం దగ్గర ఏం మిగిలి ఉంది?

సింగరకొండ అనే చిన్న గుట్టమీద రెండంతస్తుల వేదికతో మహాస్తూపం, చుట్టూ చిన్న స్తూపాలు. వేలూరి వెంకట కృష్ణశాస్త్రి 1964లో ఈ చోటు గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి. ఇక్కడి చెక్కడాలు పాలరాయివని చాలామంది అంటారు. అది పాలరాయి కాదు, అమరావతి, నాగార్జునకొండల్లో వాడిన లాంటి సున్నపురాయి. వానకు మెల్లగా కరుగుతుంది, గీకితే గాటు పడుతుంది. అందుకే చేత్తో తడమొద్దని ఇక్కడ గట్టిగా చెప్తాం.

ఇంకో కారణమూ ఉంది. చందవరం నుంచి దొంగతనంగా పోయిన ఒక శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా చేరి, 2016లో తిరిగి మన దేశానికి వచ్చింది. అప్పటినుంచి కెమెరా పట్టుకుని వచ్చే కొత్త మొహాన్ని కాపలాదారు నిలదీస్తే అతని తప్పేమీ లేదు. పేరు, ఊరు, ఎందుకొచ్చారో నిదానంగా చెప్పండి. సరైన పని చేస్తున్నాడు, ఆ మాట అతనితో అనండి.

తీరం వైపు ఒక్కరోజే ఉంది. ఏ క్రమంలో చూడాలి?

ఒంగోలు నుంచి ఉత్తరంగా వెళ్ళండి. ముందు కనుపర్తి, పాత శిల్పాలు చేర్చిపెట్టిన ఊరు. దగ్గర స్టేషను అమ్మనబ్రోలు. అదే నాగులుప్పలపాడు మండలంలో వినోదరాయునిపాలెం ఉంది, ప్రకాశం పంతులు 1872 ఆగస్టు 23న పుట్టిన ఊరు. తర్వాత చినగంజాం మీదుగా మోటుపల్లి. చివరగా వేటపాలెం సారస్వత నికేతనం.

మోటుపల్లికి కనీసం రెండు గంటలు ఉంచుకోండి. ఇప్పుడు చూస్తే ఇసుక, సరుగుడు తోటలు, నిశ్శబ్దం. కానీ కాకతి గణపతిదేవుడు 1244లో ఇచ్చిన అభయశాసనం ఇక్కడి వీరభద్రాలయ స్తంభం మీద ఉంది. అంతకుముందు గాలివానకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదే. ఇకపై అలా లాక్కోము, సుంకం మాత్రమే తీసుకుంటాం, భయపడకుండా రండి అని పరదేశి వర్తకులకు చెప్పిన మాట అది. అదే రేవు గురించి 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్ళీ శాసనం వేయించాడు. మార్కోపోలో ఈ రేవునే ముత్‌ఫిలి అని రాశాడు. ఆ స్తంభం ముందు నిలబడి, తర్వాత తీరానికి నడిచి వెళ్ళండి. క్రమం మార్చొద్దు, శాసనం చూశాకే సముద్రం చూడాలి.

సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల సంచికలు అక్కడ ఉన్నన్ని ఇంకోచోట దొరకడం కష్టం. గాంధీ చేతికర్ర కూడా అక్కడే ఉంది. సెలవురోజు కాకుండా చూసుకుని వెళ్ళండి.

గుడికి తాళం వేసి ఉంది. ఏం చేయాలి?

గోడ ఎక్కొద్దు, కటకటాల్లోంచి చెయ్యి పెట్టి ఫోటో తీయొద్దు. పల్లెల్లో ఒక అయ్యవారు మూడు నాలుగు గుళ్ళకు పూజ చేస్తుంటారు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు దీపం పెట్టి తాళం వేసుకుని వెళ్తారు. కాబట్టి మొదటి సూత్రం, తాళం పడే గుడికి పొద్దున్నే వెళ్ళడం. రెండోది, ముందురోజు సాయంత్రమే ఊళ్ళో అడిగి అయ్యవారి ఇల్లు తెలుసుకోవడం. ‘స్వామీ, రేపు పొద్దున ఎన్నింటికి వస్తారు? గుళ్ళో రాతల రాయి చూడాలని వచ్చాం’ అంటే చాలు.

కొన్ని గుళ్ళకు వారమే లెక్క. వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. తెలియక మంగళవారం వెళ్ళి కొండంతా ఎక్కి మూసిన తలుపు చూసి దిగివచ్చేవాళ్ళు ప్రతి వారం ఉంటారు.

అయ్యవారు మీకోసం ప్రత్యేకంగా వచ్చి తలుపు తీస్తే పళ్ళెంలో దక్షిణ వేయండి. చేతికి టిప్పులా ఇవ్వడం మర్యాద కాదు. గర్భాలయంలో ఫోటో అడగనే వద్దు. ముఖమండపంలో తీసేముందు అడగాలి.

ఊళ్ళో ఎవరిని, ఏమని అడగాలి? ‘ఇక్కడ శాసనాలున్నాయా’ అంటే లేవంటున్నారు.

మాట మార్చి చూడండి. శాసనం అన్నది బడి మాట. ‘రాతల బండ’, ‘రాతలున్న రాయి’ అంటే వెంటనే చూపిస్తారు. వీరగల్లు అని అడగొద్దు. ‘కత్తి పట్టిన వీరుడి రాయి ఉందా, పెద్దాయనా?’ అనండి. గుడి అంటే కొత్త గుడి చూపిస్తారు. ‘పాత దేవళం’, ‘పాడుబడిన దేవళం’ అనాలి. పాత ఊరి దిబ్బ కావాలంటే ‘పాటిమీద’ అంటే తెలుస్తుంది. పెంకులు, పాత ఇటుకలు దొరికే దిబ్బను చాలా ఊళ్ళలో పాటి, పాటిదిబ్బ అనే పిలుస్తారు.

అడగాల్సిన మనిషి రచ్చబండ మీద కూర్చున్న కుర్రాడు కాదు. గొర్రెలు కాసేవాళ్ళకు, చెరువు నీళ్ళు వదిలే నీరుగట్టుకు ఊరి పొలిమేరలో ప్రతి రాయీ తెలుసు. ఆడవాళ్ళకు పూజ చేసే రాళ్ళన్నీ తెలుసు. ‘అవ్వా, పెళ్ళి కాగానే కొత్తజంట ఏ రాయికి మొక్కుతారు?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు.

గుప్తనిధుల కోసం వచ్చారని అనుమానిస్తున్నారు. ఎలా?

అనుమానం ఊరికే రాలేదు. నిధి ఉందని నంది కింద, లింగం కింద తవ్వి, గుళ్ళు పాడుచేసిన ముఠాల గురించి ఈ రెండు జిల్లాల్లో వినని ఊరు తక్కువ. కాబట్టి చీకటిపడ్డాక పాడు గుళ్ళ దగ్గర ఉండొద్దు. గడ్డపార, పార, మెటల్ డిటెక్టర్ లాంటివి బండిలో ఉండనే కూడదు. ఇద్దరు ముగ్గురికి మించి గుంపుగా వెళ్ళొద్దు. ఊళ్ళోకి అడుగుపెట్టగానే ముందు గ్రామ సచివాలయానికో, బడికో వెళ్ళి ఒక మాట చెప్పండి. బడి పంతులు తోడు వస్తే అనుమానం అక్కడితో ఆగిపోతుంది, నలుగురు పిల్లలూ వెంట వస్తారు. వాళ్ళ ఊరి రాయిమీద ఏముందో వాళ్ళకు చదివి చెప్పండి.

శాసనం చూడగానే ఏ కాలానిదో చెప్పొచ్చా? చదవడం ఎలా మొదలుపెట్టాలి?

పూర్తిగా చదవడానికి ఏళ్ళు పడుతుంది, కానీ అరగంటలో కొంత తెలుసుకోవచ్చు. రాయి పైభాగం చూడండి. సూర్యచంద్రులు ఉంటే ఈ దానం సూర్యచంద్రులు ఉన్నంతకాలం నిలవాలని అర్థం. వరాహం ఉంటే చాళుక్యులో, కాకతీయులో, విజయనగరమో. తర్వాత ‘శక వర్షంబులు’ అన్న మాట వెతకండి. దాని పక్కన అంకెలో, అక్షరాల్లోనో సంవత్సరం ఉంటుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. మోటుపల్లి శాసనం శక 1166, క్రోధి సంవత్సరం. 78 కలిపితే 1244. మాసం పుష్యమో, మాఘమో అయితే 79 కలపాల్సి రావచ్చు, జనవరి దాటుతుంది కాబట్టి. శక సంవత్సరం, అరవై ఏళ్ళ చక్రంలోని సంవత్సరం పేరు రెండూ కలవకపోతే ఒక ఏడు తేడా ఉండొచ్చు. గడిచిన సంవత్సరం చెప్పడమా, నడుస్తున్నది చెప్పడమా అన్నదాని వల్ల ఈ తేడా వస్తుంది.

చివర ‘స్వదత్తాం పరదత్తాం వా’ అనే శ్లోకం కనిపిస్తే, దానాన్ని హరించినవాడికి శాపం అది. అక్కడితో శాసనం దాదాపు అయిపోయినట్టే. మధ్యలో పుట్టి, తూము, మఱుతురు అన్న కొలతలు వస్తే ఇచ్చినది భూమో, ధాన్యమో తేలుతుంది.

తెలుగు చదివే ప్రతి ఒక్కరూ ఈ నేలను గౌరవించాల్సిన కారణం ఒకటుంది. 848 నాటి అద్దంకి పండరంగని శాసనంలో తరువోజ అనే ఛందస్సులో పద్యం ఉంది. నన్నయకు రెండు వందల ఏళ్ళ ముందే ఇక్కడ తెలుగు పద్యం రాతికెక్కింది.

అక్షరాలు కనబడటం లేదు. పసుపో, సుద్దో, పిండో పూస్తే తప్పా?

తప్పే, చాలా పెద్ద తప్పు. పిండికి చీమలు, బూజు పడతాయి. సుద్ద గీతల్లో ఇరుక్కుని గట్టిపడుతుంది, తర్వాత వచ్చినవాడు దాన్ని పిన్నుతో గీకుతాడు. నూనె రాతిలోకి ఇంకి దుమ్ము పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఎక్కడ గీత ఉందని మీరు అనుకుంటారో అక్కడే సుద్ద వేస్తారు. తర్వాత ఆ ఫోటో చూసినవాళ్ళంతా మీ ఊహనే చదువుతారు.

పొద్దున ఏడింటికి గానీ సాయంత్రం ఐదింటికి గానీ ఏటవాలు వెలుగులో చూడండి, చెరిగిపోయాయనుకున్న అక్షరాలు నీడతో లేచి వస్తాయి. నీడలో ఉన్న రాయికి టార్చిలైటు చాలు. రాయికి ఎదురుగా వెలుగు వేయొద్దు. రాతికి ఆనించినంత దగ్గరగా, ఒక పక్కనుంచి దాదాపు సమాంతరంగా వేయాలి. ఒకరు టార్చి పట్టుకుని ఎడమ, కుడి, పై, కింద నాలుగు వైపులనుంచి వేస్తుంటే ఇంకొకరు ఒక్కో వైపుకు ఒక్కో ఫోటో తీయాలి. ఫోన్ ఫ్లాష్ వాడితే అక్షరం చదునైపోతుంది. మొదట రాయి మొత్తం, తర్వాత పైనుంచి కిందికి భాగాలుగా, ఒక ఫోటోలోని మూడో వంతు తర్వాతి దాంట్లో కూడా పడేలా తీయండి. ఒక ఫోటోలో స్కేలు పక్కన పెట్టండి. చివరిది, రాయి ఎక్కడ నిలబడి ఉందో తెలిసేలా దూరంనుంచి. ఈ చివరి ఫోటోనే అందరూ మరిచిపోతారు. పదేళ్ళ తర్వాత రాయి కదిలిపోతే అదొక్కటే సాక్ష్యం.

తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టి సిరా అద్ది అచ్చు తీయడం శాసనశాఖ వాళ్ళ పని. అనుమతి, చేతి అలవాటు రెండూ లేకుండా ప్రయత్నిస్తే సిరా రాతికి అంటుకుని ఇక వదలదు.

దున్నిన పొలంలో నాణెమో, బొమ్మో కనిపించింది. తెచ్చుకోవచ్చా?

కూడదు. నేలలో దాగి ఉండి దొరికినది 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది, ఇప్పటికీ అది అమల్లో ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా ఉంటాయి. ఆచరణలో చేయాల్సింది తేలిక. ముట్టుకోకుండా ఫోటో తీసి, చోటు గుర్తు రాసుకుని, పొలం రైతుకు చెప్పి, ఇద్దరూ కలిసి తహసీల్దారుకు తెలపడం.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే పాత గుడి శిథిలాల కింద కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. అలాంటి నేల ఇది. మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ పరీవాహకాల్లో ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా దొరుకుతాయి. పెంకుముక్కే కదా అని జేబులో వేసుకున్నది ఆ చోటినుంచి విడిపోతే దాని విలువ పోయినట్టే. ఎంత లోతున, దేని పక్కన దొరికిందన్నదే చరిత్ర.

డ్రోన్ ఎగరేయొచ్చా?

రక్షిత కట్టడాలమీద అనుమతి లేకుండా కుదరదు. నల్లమల అడవి అంచున అసలే వద్దు.

వెంట ఏం తీసుకెళ్ళాలి? తిండి, నీళ్ళు దొరుకుతాయా?

నీళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కనిగిరి చుట్టుపక్కల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. ఒకరోజు తాగితే ఏమీ కాదు గానీ క్యాన్ నీళ్ళు నింపుకుని వెళ్ళడమే మేలు. మంచి టార్చి, 30 సెంటీమీటర్ల స్కేలు, నోటు పుస్తకం, పెన్సిలు, ఒక జత మందపాటి సాక్సులు పెట్టుకోండి. వేడి బండమీద చెప్పులు విడిచి నడవాల్సి వచ్చినప్పుడు సాక్సులే కాపాడతాయి. పొదల్లో అడుగుపెట్టేముందు కర్రతో నేల తట్టాలి, శిథిలాల రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకూడదు. పాములు, తేళ్ళు ఉండేది అక్కడే.

భోజనం మండల కేంద్రంలోనే చేసుకుని బయల్దేరండి. పల్లెల్లో మధ్యాహ్నం హోటలు దొరకదు. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, మార్కాపురంలో లాడ్జీలకు కొదవలేదు. త్రిపురాంతకం చూసి శ్రీశైలం వెళ్దామనుకునేవాళ్ళు గమనించాలి. దోర్నాల నుంచి అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రంలోపు గేటు దాటేలా చూసుకోండి.

పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళదగ్గవి?

త్రిపురాంతకం, మార్కాపురం, కంభం కట్ట, మోటుపల్లి. నెల్లూరు దగ్గర పల్లిపాడు పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం కూడా. పెన్న ఒడ్డున ఉన్న ఈ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారు. పిల్లలకు ఉప్పు సత్యాగ్రహం పాఠం ఉన్న ఏడు ఒంగోలు దగ్గర దేవరంపాడు కూడా చూపించండి. 1930 శిబిరం అక్కడే నడిచింది.

గుర్తుగా ఏం కొనుక్కోవచ్చు?

ఉదయగిరిలో చేత్తో చెక్కే చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు. నేరుగా చేసేవాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడొద్దు. ఇంటికి తెచ్చాక ఒక పూట కొబ్బరినూనె రాసి ఉంచితే పగుళ్ళు రావు, సబ్బునీళ్ళలో నానబెట్టొద్దు. మార్కాపురంలో పలకరాయి. ఒకప్పుడు మన బడిపిల్లల చేతిలో పలకలు ఇక్కడివే.

చూసి వచ్చాక ఆ సమాచారం ఏం చేయాలి?

అదే రోజు రాత్రి రాసుకోండి. ఊరు, మండలం, రాయి ఉన్న చోటు, కొలతలు, ఎటు తిరిగి ఉంది, ఊరివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, ఎవరు పూజ చేస్తారు అన్నవన్నీ. 1905 సంపుటాల్లో ఆ ఊరి శాసనాలుంటే సరిపోల్చండి. అప్పుడు అచ్చయిన పాఠంలో ఉండి ఇప్పుడు రాయిమీద లేని పంక్తులు ఎన్నో లెక్కపెట్టి రాయండి. అచ్చులో లేని శాసనం అనిపిస్తే ఫోటోలు, చోటు వివరాలు పురావస్తు శాఖకు పంపండి. కాపలా లేని శిల్పాల ఖచ్చితమైన చోటు మాత్రం సోషల్ మీడియాలో పెట్టొద్దు. చందవరం సంగతి పైన చెప్పాం కదా. ఫోటోల ప్రింట్లు ఒక కాపీ ఊరి బడికి పోస్టులో పంపితే, తర్వాతి సారి మీరు వెళ్ళేసరికి ఆ రాయిమీద సున్నం కొట్టకుండా చూసే పిల్లలు ఆ ఊళ్ళో ఉంటారు.